మా ఊరి హైస్కూలు: పదో తరగతికి భేష్, ఆరో తరగతి సంగతే చూడాలి

శ్రీకాకుళం జిల్లాలో, చిలకపాలెం నుంచి రాజాం వెళ్లే రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఒక చిన్న జిల్లా పరిషత్ హైస్కూలు గురించి ఇది. పేరు రాయను. రాస్తే అక్కడ పనిచేసేవాళ్లకి లేనిపోని తలనొప్పి. పైగా నేను చెప్పే మంచైనా చెడైనా ఈ చుట్టుపక్కల హైస్కూళ్లలో చాలావాటికి అంతో ఇంతో సరిపోతుంది. ఆరు నుంచి పది దాకా తరగతికి ఒకటే సెక్షను, పిల్లలు మొత్తం నూట పాతిక దాటరు. మా అమ్మాయి ఇక్కడ ఎనిమిదిలో చేరి 2025 మార్చిలో పది రాసింది. మా వాడు ఇప్పుడు ఏడో తరగతి.

నాకు మండల కేంద్రంలో జిరాక్సు, నెట్ సెంటరు ఉంది. హాల్ టికెట్లు, మార్కుల మెమోలు, ట్రిపుల్ ఐటీ అప్లికేషన్లు, పాలిసెట్ కౌన్సెలింగు... పది దాటిన పిల్లల కాగితాలన్నీ ఏదో ఒక రోజు నా టేబుల్ మీదికి రావాల్సిందే. గవర్నమెంటు బడి పిల్లలవీ వస్తాయి, కాన్వెంటు పిల్లలవీ వస్తాయి. అందుకే ఇందులో మా ఇంటి సంగతితో పాటు ఆ కాగితాల్లో చూసింది కూడా కొంత కలిసి ఉంటుంది.

రేటింగు ఇప్పుడే చెప్పేస్తాను. పదో తరగతికి ఐదుకి నాలుగు. ఆరో తరగతికి రెండు. ఒకే బడికి రెండు రేటింగులేంటని అడగొచ్చు. ఆ గేటు లోపల ఉన్నవి నిజంగా రెండు బళ్లు.

మేం చేర్చింది 2022లో. అంతకు ముందు అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో చదివేది. కరోనా రెండేళ్లూ ఫోన్లో క్లాసులు చెప్పి ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. నా షాపు షట్టరేమో ఆ రోజుల్లో పైకి లేచిందే తక్కువ. ఎనిమిదో తరగతికి ఫీజు, వ్యాను, పుస్తకాలు అన్నీ కలిపి చెప్పిన అంకె విని మా ఆవిడ, "మన ఊళ్లో బడి నేదా ఏటి?" అంది. టీసీ తెచ్చుకున్నాం. చేర్చిన రోజు అమ్మాయి పాదం కొలత తీసుకున్నారు, గవర్నమెంటు ఇచ్చే కిట్‌లో బూట్ల కోసం. బూట్లు వచ్చాయి, కాస్త ఆలస్యంగా, ఒక సైజు పెద్దవి. బ్యాగు కుట్లు మాత్రం సంక్రాంతి దాకా ఆగలేదు. ఇలాంటివాటి మీద ఇంతకంటే రాయను, చదువు సంగతికి వస్తాను.

బడి గురించి ఎవరైనా అడిగే మొదటి మాట "రిజల్టు ఎంత?" అని. ఈ ప్రశ్న పెద్ద బడికి సరిపోతుంది గానీ చిన్న బడికి సరిపోదు. మా బడిలో 2024లో నూటికి నూరు శాతం. 2025లో 18 మంది రాస్తే 16 మంది పాసయ్యారు, అంటే 89 శాతానికి కొంచెం తక్కువ. ఊళ్లో రావిచెట్టు కింద కూర్చునే పెద్దలు "బడి పడిపోయింది" అని తేల్చేశారు. ఏమీ పడిపోలేదు. పద్దెనిమిది మంది తరగతిలో ఒక్కో పిల్లాడూ ఐదున్నర శాతం. తప్పిన ఇద్దరిలో ఒకడి తండ్రి హైదరాబాద్‌లో బిల్డింగ్ పని దగ్గర కాలు విరగ్గొట్టుకున్నాడు. తల్లి వెంట వాడూ వెళ్లి ఫిబ్రవరంతా ఆస్పత్రి వరండాలో గడిపాడు. ఇంకో పిల్ల లెక్కల్లో 31 దగ్గర ఆగిపోయి, మే నెల సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఈ రెండు ఇళ్ల కథని పదకొండు శాతంగా మార్చి బడి నెత్తిన పెడితే ఎలా?

రాష్ట్రం మొత్తం లెక్క కూడా ఏమంత నిలకడగా లేదు. 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ 2025 బ్యాచీకే పదిలో ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ మొదటిసారి వచ్చింది. సీనియర్ల గైడ్లు, పాత ప్రశ్నపత్రాల కట్టలు చాలామటుకు చిత్తుకాగితాలైపోయాయి. పాత పేపర్ల జిరాక్సులు వేసి అమ్ముకునే నాలాంటివాడికి ఆ ఏడాది నష్టమే! ఇంకో సంగతి: 2023 నుంచి 2025 దాకా మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం మన పక్కనున్న పార్వతీపురం మన్యం జిల్లాదే. 2024లో 96.37, 2025లో 93.90. అది ఎక్కడి నుంచో ఊడిపడిన జిల్లా కాదు, 2022 ఏప్రిల్‌లో విజయనగరం నుంచి కొంత, శ్రీకాకుళం నుంచి కొంత తీసి చేసినదే. ఆశ్రమ పాఠశాలలు ఎక్కువ ఉన్న చోటు. "మన వైపు పిల్లలకి చదువేం అబ్బుద్దిలే" అని నా షాపులో కూర్చుని ఎవరైనా మొదలెడితే నేను ఈ అంకెలే చెప్తాను.

నేనైతే పాస్ శాతం పక్కన పెట్టి మెమో చూస్తాను. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. సైన్సుని ఫిజికల్ సైన్సు 50, బయాలజీ 50గా రెండు రోజులు రాస్తారు కాబట్టి పేపర్లు ఏడు. పాస్ మార్కు 35, హిందీకి మాత్రం 20. మా బడి మెమోల్లో తెలుగు, సోషల్ కళకళలాడతాయి, ఎనభైలు దాటుతాయి. బయాలజీ ఫరవాలేదు. లెక్కలు, ఫిజికల్ సైన్సు దగ్గరకొచ్చేసరికి ముప్పై ఐదు, ముప్పై ఎనిమిది, నలభై ఒకటి... గోడ పట్టుకుని నడిచినవాళ్ల మార్కులు. ఇంగ్లిషూ ఇంచుమించు అంతే. పాసయ్యారా అంటే అయ్యారు. ఆ మార్కులతో ఇంటర్లో ఎంపీసీ తీసుకోవచ్చా అని నన్నడిగితే నేను నీళ్లు నములుతాను.

అయితే ఆ ముప్పై ఐదు వెనక ఎంత పని ఉందో కళ్లారా చూశాను. అక్కడ మాత్రం ఈ బడికి దండం పెట్టాల్సిందే. డిసెంబరు రాగానే వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. సాయంత్రం బడి వదిలాక పదో తరగతి పిల్లలు ఆగిపోతారు. ఒక్కో టీచరు నలుగురైదుగురు పిల్లల్ని దత్తత తీసుకుంటారు. వాళ్ల హాజరు, వాళ్ల నోట్సు, వాళ్ల ఇంటి గొడవలు అన్నీ ఆ టీచరువే. లెక్కల సారు తెల్లారి ఐదింటికి తన నలుగురికీ ఫోన్ చేసేవారు. ఎత్తకపోతే పక్కింటికి చేసేవారు. మా అమ్మాయి ఆ నలుగురిలో లేదు గానీ పక్కింటి గుంటడు ఉన్నాడు. వాడి దగ్గర ఫోన్ లేదు. సారు నా ఫోనుకి చేస్తే, జనవరి చలిలో దుప్పటి కప్పుకుని మా ఇంటి నుంచి వెళ్లి వాణ్ణి లేపి రావడం నా డ్యూటీ అయింది.

ఫిజికల్ సైన్సు మేడం వరండా గచ్చు మీద సుద్దముక్కతో కుంభాకార కటకం గీసేవారు. వస్తువు అనంత దూరంలో ఉంటే ఒకటి, రెండు ఎఫ్ (నాభి దూరానికి రెట్టింపు) అవతల ఉంటే ఒకటి, రెండు ఎఫ్ మీద ఉంటే ఒకటి... అలా ఆరు బొమ్మలు. మధ్యాహ్నం ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డ పిల్లాణ్ణి పిలిచి "నాలుగోది గియ్యి" అనేవారు. కిరణం ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చి కటకం దాటాక నాభి మీదుగా పోవాలి. వాడు కటకం మధ్యలోంచి తిన్నగా పోనిస్తే, చెప్పుతో చెరిపేసి మళ్లీ గీయించేవారు. తిట్టు లేదు, దెబ్బ లేదు. అన్నం చల్లారిపోతోందన్న భయమే చాలు. ఆ బొమ్మలకి మార్కులు గ్యారంటీ. అలాగే బయాలజీలో నెఫ్రాను పటం, సోషల్‌లో మ్యాపు, లెక్కల్లో సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, ఇంగ్లిషులో లెటరు. ఎక్కడెక్కడ మార్కులు ఏరుకోవచ్చో ఈ టీచర్లకి తెలిసినంత ఏ కోచింగ్ సెంటరుకీ తెలియదు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. బడి శక్తంతా 35 చుట్టూ తిరుగుతుంటే, 80 తెచ్చుకోగల పిల్లలు ఎవరికీ పట్టరు. మా అమ్మాయి త్రికోణమితిలో ఒక లెక్క పట్టుకెళ్తే సారు, "నీకు వచ్చేస్తాదిలేమ్మా, ముందు వీళ్లని ఒడ్డెక్కించనీ" అనేవారట. పైగా ఇద్దరు వెనకబడ్డ పిల్లల్ని దానికే అప్పగించారు. వాళ్లకి సగటు, మధ్యగతం, బాహుళకం నేర్పింది. వాళ్లిద్దరూ పాసయ్యారు. ఇదీ మంచిదే, నేర్పితే నేర్పినదానికే బాగా వస్తుందంటారు. కానీ మా దానికి లెక్కల్లో 74 వచ్చాయి, మొత్తం 489. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ మాకు కూతవేటు దూరం. సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. మనలాంటి బళ్ల పిల్లలకి నాలుగు శాతం కలుపుతారు కూడా. కలిపినా చాలలేదు. కాన్వెంటు పిల్లల మెమోల్లో 560లు, 570లు మామూలు. వాళ్లు తొమ్మిదిలోనే పదో తరగతి పుస్తకం తెరిచేస్తారు. తొమ్మిదో తరగతి పాఠాలు ఎక్కడికి పోయాయని అడగకూడదు. ఆ 570 వాళ్లలో కొందరు నా షాపులో ఫారం నింపుతూ "సార్, డేట్ ఆఫ్ బర్త్ గడిలో ఏం రాయాలి?" అని అడుగుతారు. అది వేరే కథ.

ఇక ఆరో తరగతి.

మా వాడు ఊరి ఎలిమెంటరీ స్కూలు నుంచి 2024లో ఆరులోకి వచ్చాడు. మొదటి ప్రోగ్రెస్ కార్డులో సైన్సుకి ఏ2 గ్రేడు. సంతోషించి నోట్సు తెరిచాను. ముత్యాల్లాంటి ఇంగ్లిషు అక్షరాలు. ఏ జవాబు చూసినా గైడులో ఉన్నదే, ఫుల్‌స్టాపుతో సహా. లైను చివర చోటు లేకపోతే మాటని ఎక్కడ పడితే అక్కడ విరగ్గొట్టి కింది లైన్లో పెట్టాడు, రెండక్షరాల తర్వాతో మూడక్షరాల తర్వాతో. మాట చదవడం వచ్చినవాడు అలా విరవడు, బొమ్మ గీసినట్టు గీసినవాడే విరుస్తాడు. ఒక జవాబు ముందు వేసిన ప్రశ్న నంబరు కూడా తప్పు. అది పక్క ప్రశ్నది. దాని మీద ఎర్ర టిక్కు. ఒక వాక్యం చదవమన్నాను. మూడు మాటలు చదివి నా మొహం చూశాడు. పోనీ తెలుగులో చెప్పమన్నాను. ఈ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి, అది మంచి ఏర్పాటే. తెలుగు పేజీ వేలు పెట్టి చదివాడు, ఒత్తుల దగ్గర ఆగుతూ. మా వాడు తరగతిలో నాలుగైదో స్థానం పిల్లాడు. వాడి కింద ఇంకా పదిహేను మంది ఉన్నారు.

అప్పుడు తెలిసింది నాకు, పదో తరగతి వాళ్లకి జనవరిలో తెల్లారి ఐదింటికి ఫోన్ ఎందుకు చేయాల్సి వస్తుందో. ఆ అప్పు ఆరో తరగతిలోనే మొదలవుతుంది, నాలుగేళ్లు వడ్డీ పెరుగుతుంది. ఎనిమిది దాకా ఎవర్నీ ఆపేది లేదు, పై తరగతికి వెళ్లిపోతారు. డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసు అడిగేది పదో తరగతి శాతం. పేపర్లో పడేది అదే. కాబట్టి మంచి టీచరు సమయమంతా అటే పోతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆరు, ఏడు తరగతుల పీరియడ్లు "ఆడుకోండి", "సైలెంటుగా చదువుకోండి"గా మారిపోతాయి. సంక్రాంతికి ఇంటి ముందు గోడకి మాత్రం సున్నం వేసి పెరటి గోడ వదిలేసినట్టు ఉంటుంది యవ్వారం.

టీచర్లని తిట్టి లాభం లేదు. తిట్టేవాళ్లు ఒకసారి వాళ్ల ఫోన్లు చూడాలి. పిల్లల హాజరు ఒక చోట, భోజనం లెక్క ఒక చోట, మరుగుదొడ్ల ఫోటో ఒక చోట. నెట్ సరిగా రాని ఊరు మాది. ఒక టీచరు మేడ మెట్ల మీద చేయి పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటూ కనిపిస్తే అది మొదటి పీరియడ్ అయి ఉంటుంది.

చిన్న బడికి ఇంకో గండం ఉంది. పెద్ద హైస్కూల్లో లెక్కలకి ఇద్దరు ముగ్గురుంటారు. ఒకరు బదిలీ అయినా బండి నడుస్తుంది. మా బడిలో సబ్జెక్టుకి ఒక్కరే. 2025 వేసవి బదిలీల్లో తెల్లారి ఫోన్ చేసే లెక్కల సారు వెళ్లిపోయారు. ఊరివాళ్లు శాలువా కప్పి, కొబ్బరి బొండాం ఇచ్చి పంపారు, రెండు కళ్లూ తుడుచుకున్నారు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ కుర్చీ ఖాళీ. ఫిజికల్ సైన్సు మేడమే లెక్కలు కూడా చూశారు, అంటే రెండూ సగం సగం. టీచర్ల నియామకానికి మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి పడిందని అందరికీ తెలుసు. అందులో మా వంతు ఒక్క మనిషి, అక్టోబరులో వచ్చారు. కుర్రాడు. మొదటి వారమే ఆరో తరగతికి వెళ్లి ఎక్కాలు అప్పజెప్పించుకున్నాడని విని ప్రాణం లేచొచ్చింది. వచ్చే డిసెంబర్లలో ఆయన్ని కూడా పదో తరగతి మింగేయకపోతే చాలు.

ఈ లెక్కంతా పిల్లల సంఖ్య మీద ఆడుతుంది. సంఖ్య తగ్గితే పోస్టు మిగులు అంటారు. పోస్టు పోతే తల్లిదండ్రులు వ్యాను ఎక్కిస్తారు, సంఖ్య ఇంకా తగ్గుతుంది. 2022లో జీవో 117 వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపారు. 2025లో దాన్ని తీసేశారు. మధ్యలో తమ పిల్లలు ఏ బడి కిందికి వస్తారో తెలియక టీసీల కోసం నా షాపు చుట్టూ తిరిగినవాళ్లున్నారు.

ట్యాబుల గురించి అడుగుతారని తెలుసు. 2022 డిసెంబరులో గవర్నమెంటు బళ్ల ఎనిమిదో తరగతి వాళ్లందరికీ ఇచ్చారు, మా అమ్మాయికీ వచ్చింది. వీడియో పాఠాలు లోపలే ఎక్కించి ఉన్నాయి, నెట్ అక్కర్లేదు. బయాలజీ వీడియోలు బాగున్నాయంది. గుండె ఎలా కొట్టుకుంటుందో మా ఆవిడక్కూడా చూపించింది. ఇంగ్లిషు వేగం మాత్రం తోటి పిల్లలకి అందలేదు. తొమ్మిదిలోకి వచ్చేసరికి కొందరి ట్యాబుల్లో లాకు తీయించి సినిమాలు పడ్డాయి. ఆ లాకు తీసే కుర్రాడు నా షాపు ఎదురుగానే ఉంటాడు, బాగానే సంపాదించాడు. తరగతి గదుల్లో పెట్టిన పెద్ద స్క్రీన్లు మాత్రం నిజంగా పనికొస్తున్నాయి. కరెంటు ఉంటే.

భోజనం బాగుంటుంది. గుడ్డు రోజూ కాకపోయినా వారంలో ఎక్కువ రోజులు ఉంటుంది. చోడి (రాగి) జావ మా వాడు ఇంట్లో తాగడు, అక్కడ తాగుతాడు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వచ్చాక ఇంటికొచ్చి "ఆకలి" అనడం తగ్గింది. మరుగుదొడ్లు, నీళ్లు నాడు-నేడు (బళ్లు బాగుచేసిన ప్రభుత్వ పథకం) తర్వాత మెరుగు. అదనపు గదులు మాత్రం శ్లాబు దాకా వచ్చి ఆగిపోయాయి, అందులో మేకలు నిద్రపోతున్నాయి.

తల్లిదండ్రుల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్స్ మీటింగు పెట్టారు. మా బడిలో షామియానా, ముగ్గులు, తల్లులకి పోటీలు, భోజనాలు. వచ్చినవాళ్లలో తండ్రులకంటే అమ్మమ్మలు, నాన్నమ్మలే ఎక్కువ. తండ్రులు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు, సంక్రాంతికీ ఊరి అమ్మవారి పండక్కీ వస్తారు. క్లాస్ టీచరు ఒక ముసలామెకి మనవడి మార్కులు చూపించి "ఇంట్లో రోజూ గంటసేపు చదివించండమ్మా" అన్నారు. ఆవిడ, "నాకు ఏలిముద్రే కదా బాబూ, ఆడు సదువుతన్నాడో బొమ్మలు సూస్తన్నాడో నాకేటి తెలుస్తాది?" అంది. టీచరు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఉపాధి పనికో, నాట్లకో తల్లి వెళ్తే చెల్లెల్ని చూసుకోడానికి ఎనిమిదో తరగతి పిల్ల బడి మానేస్తుంది. కాన్వెంటు వాళ్లు ఇలాంటి ఇళ్ల పిల్లల్ని చాలామటుకు చేర్చుకోరు. తర్వాత ఇద్దరి ఫలితాలూ పక్కపక్కన ఫ్లెక్సీల మీద పెట్టి చూడమంటారు.

మా అమ్మాయి ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటర్ ఎంపీసీ. మొదటి నెలల్లో స్పీడుకి అందలేక టెన్షన్ పడింది. బోర్డు మీద లెక్క పూర్తయ్యేలోపు పక్కవాళ్లు పేజీ తిప్పేస్తున్నారంది. కానీ అర్థం కాకపోతే చెయ్యెత్తి అడుగుతోంది. తరగతిలో అలా అడిగేది ఇద్దరో ముగ్గురో, అందరూ ఇలాంటి బళ్ల నుంచి వచ్చినవాళ్లేనట. వరండాలో మేడంతో వాదించిన అలవాటు కాబోలు.

చేర్చాలా వద్దా అంటే, మీ పిల్లాడు ఎనిమిదికో తొమ్మిదికో వస్తూ, చదవడం రాయడం వచ్చినవాడైతే నిశ్చింతగా చేర్చండి. లెక్కలకి మాత్రం ఇంట్లోనో బయటో ఇంకో చెయ్యి కావాలి. ఆరుకి చేర్చేటట్టయితే బిల్డింగూ స్క్రీనూ చూసి మురిసిపోకుండా హెడ్మాస్టరు గారిని మూడు అడగండి: ఆరో తరగతికి తెలుగు, లెక్కలు చెప్పేదెవరు, వాళ్లు ఈ వేసవిలో బదిలీకి ఉన్నారా, డిసెంబరు తర్వాత ఆరో తరగతి టైమ్‌టేబుల్ ఏంటి. మా హెడ్మాస్టరు గారు మూడోదానికి నవ్వి ఊరుకున్నారు. నేను అడుగుతూనే ఉన్నాను. మొన్న దసరా సెలవుల తర్వాత ఏడో తరగతికి రోజూ చివరి పీరియడ్ తెలుగు చదివించడం మొదలెట్టారు, పేపరు పైకి చదివిస్తారు. మా వాడు ఇంటికొచ్చి క్రికెట్ వార్త చదివి వినిపించాడు, ఒత్తుల దగ్గర ఈసారి ఆగలేదు. ఇంగ్లిషు ఇంకా ఆగుతూనే ఉంది.

వాణ్ణి మార్చట్లేదు. వచ్చే ఏడాది ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్పు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. కాన్వెంటు పిల్లలకి ఈ అవకాశం లేదు, మన బళ్ల పిల్లలకే. అయినా మా బడి నుంచి అప్లికేషన్లు పెట్టేది వేళ్ల మీద లెక్కే. మీ పిల్లలుంటే ఆగస్టు నుంచే టీచర్ని గుర్తు చేస్తూ ఉండండి. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా అని చివరి రోజు సాయంత్రం నా షాపు ముందు గొడవ పడేవాళ్లు ఏటా ఉంటారు, ఆ టైముకి సర్వరు కూడా పనిచేయదు.